జనుము వేరు, గంజాయి వేరు



ఇంగ్లీషువారు గంజాయి జాతి మొక్కను ‘హెంపు’ అందురు. మనము పచ్చిరొట్టకు వేయు జనుమును ‘సన్ హెంపు’ అందురు. చిక్కంతయు ఇచ్చటనే. గుర్రములకు, కుక్కలకు హెంపు గింజలు బలమని విని, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టలలో ఇంటనున్న జనుము గింజలను దాణాలో కలుపవద్దు. వానిలోని విషము గుర్రము కాలేయమును, ఊపిరితిత్తులను చెరచును. గొఱ్ఱె తట్టుకొన్నంతగా గుర్రము తట్టుకొనలేదు. పైగా తిన్ననాడు ఏమియు కనబడదు. పిదప మేత మాని చిక్కిపోవును.

ఇక గంజాయి సంగతి. మందవెంట తిరుగు కుక్క దానిని తిన్నచో తూలును, మూత్రము జారవిడుచును, మత్తుగా పడియుండును. అనుమతిలేని గంజాయి సాగు 1985 నాటి చట్టము క్రింద నేరము గనుక, కుక్క ఏమి తిన్నదో కొందరు దాచెదరు. దాచినచో పశువైద్యుడు దేనికని చికిత్స చేయును? ఉన్నదున్నట్లు చెప్పుడు. బక్కచిక్కిన కుక్కకు బలము కావలెనన్న, ముందుగా వైద్యుని అడిగి నులిపురుగుల మందు వేయుడు.