అడవి నరకలేదని ఎవరు నిరూపించాలి?

(ఖరగ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్ళోని తెలుగువాళ్ళలో చాలామంది పెద్దలు రైల్వే పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఆ రోజుల్లో పట్టాల కింద సాల్ స్లీపర్లు పరిచేవారు. మన వైపు ఆ చెట్టును గుగ్గిలం అంటారు. రైళ్ళకు కలప కొరత రాకూడదన్నది బ్రిటిష్ ప్రభుత్వం అటవీ శాఖను పెట్టడానికి ఒక ముఖ్య కారణం. 1878 అటవీ చట్టం రిజర్వు ఫారెస్టులను బిగించింది. అడవిలో బతికినవాళ్ళు సొంత నేల మీదే ఆక్రమణదారులయ్యారు. అడవిని కాపాడే చట్టం ఏది వచ్చినా, అది ఎవరి చేతిలో ఉంటుందని మనం అడగాల్సింది అందుకే.

ఇప్పుడు యూరోపియన్ యూనియన్ 2023లో ఒక చట్టం చేసింది. కాఫీ, కోకో, రబ్బరు, పామాయిల్, సోయా, పశువులు, కలప, వీటితో చేసిన అనేక వస్తువులు అక్కడ అమ్మాలంటే రెండు షరతులు. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన నేలలో పండి ఉండకూడదు. పండించిన దేశపు చట్టాలకు లోబడి ఉండాలి. పండిన చోటు అక్షాంశ రేఖాంశాలు చూపించాలి. రెండుసార్లు వాయిదా పడ్డాక, పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబర్ 30 నుంచి అమలు.

అరకు, పాడేరు మన్యం చూడండి. అక్కడ ఆదివాసీలు చిన్న చిన్న కమతాల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెంచుతారు, ఆ చెట్లకే మిరియం పాదులు పాకిస్తారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పై నుంచి చూసే ఉపగ్రహానికి ఈ తోట అడవిలాగే కనబడుతుంది. ముదిరిన నీడచెట్లను రైతు కొట్టి కొత్తవి నాటితే అడవి నరికినట్టు నమోదయ్యే ప్రమాదం ఉంది. తప్పు చేయలేదని నిరూపించుకునే భారం అప్పుడు ఎవరి మీద పడుతుంది?

రెండో షరతు ఇంకా లోతైనది. చట్టబద్ధం అనిపించుకోవాలంటే భూమి మీద హక్కు ఉండాలి. మన అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఆదివాసీలు 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉంటే చాలు. అదే అడవిని నమ్ముకున్న దళితులు మాత్రం ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’. వాళ్ళు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉన్నట్టు చూపాలి. పట్టా ఇవ్వని ప్రభుత్వం తప్పుకు, పట్టా లేని రైతు మార్కెట్టు పోగొట్టుకోవాలా?

వ్యాపారాలు సిద్ధం కావాలంటే సాఫ్ట్‌వేర్, సర్టిఫికెట్, కన్సల్టెంటు అంటున్నారు. చట్టం బాధ్యత పెట్టింది యూరప్‌లో సరుకు దించే కంపెనీ మీద. ఆ కంపెనీ ఎగుమతిదారుణ్ణి అడుగుతుంది, అతను దళారిని, దళారి రైతును. కాగితం కిందికి దిగుతుంది, ఖర్చు కూడా దానితోనే దిగుతుంది. తోట పటం ఒక కంపెనీ సర్వర్లోనే ఉండిపోతే, రైతు మరొకరికి అమ్ముకోవడం కష్టం.

1937లో బాబాసాహెబ్ బొంబాయి శాసనసభలో ఖోతీ పద్ధతి రద్దుకు బిల్లు తెచ్చారు. సర్కారుకూ సాగుదారుకూ మధ్య కూర్చున్న ఖోత్‌ను తొలగించడం దాని సారం. రేపు సమాచారాన్ని గుప్పిట్లో పెట్టుకునేవాడు కొత్త ఖోత్ కాకూడదు.

అందుకే మూడు మాటలు. మొదట పట్టాలు, సామూహిక హక్కు పత్రాలు గ్రామసభ ద్వారా ఇవ్వాలి. తోట పటం రైతు చేతికి, అతనికి అర్థమయ్యే భాషలో రావాలి, ఎవరికి అమ్మినా చెల్లాలి. ఈ ఖర్చును ఎగుమతిదారులు, కొనుగోలుదారులు భరించాలి, కాఫీ ధరలోంచి కోయకూడదు.

మీలో రిమోట్ సెన్సింగ్ చదివేవాళ్ళు ఉన్నారు, న్యాయశాస్త్రం చదివేవాళ్ళు ఉన్నారు. ఉపగ్రహ చిత్రాన్ని తోటలో నిలబడి సరిచూడటం, తిరస్కరించిన క్లెయిములు మళ్ళీ తెరిపించడం మీరు చేయగల పనులు. అడవి మిగలాలి. అడవిని మిగిల్చినవాళ్ళు కూడా మిగలాలి.

జై భీమ్.