ట్రైలర్ బ్యాటరీ – జనరేటరు లెక్క
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. మనమూ వెళ్ళి నెలల తరబడి ఉండి వస్తున్నాం. అక్కడ సెలవులు వస్తే కారు వెనుక చిన్న ఇల్లులాంటి క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని అడవులకు వెళతారు. 2023 సెప్టెంబరులో మా అబ్బాయి మమ్మల్ని కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకు తీసుకువెళ్ళాడు. అక్కడ ట్రైలర్లకు కరెంటు కనెక్షన్ ఇవ్వరు. దాన్ని డ్రై క్యాంపింగ్ అంటారు. లైట్లు, నీళ్ళ పంపు, గ్యాస్ హీటరు ఫ్యాను, అన్నీ 12 వోల్టుల బ్యాటరీల మీదే నడవాలి. నాకు రాత్రిపూట సీపాప్ మిషను లేనిదే కుదరదు. నడిరేయి బ్యాటరీ పడిపోతే ఒకవైపు చలి, ఇంకోవైపు ఊపిరి. అందుచేత ఆ లెక్క నేనే పెట్టుకున్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ముందు ఖర్చు పద్దు. తేమనిచ్చే హీటరు ఆపి వాడితే సీపాప్‌కు రాత్రికి సుమారు 20 ఆంపియర్-అవర్లు. ఫ్యాను తిరిగినప్పుడు గంటకు 7 చొప్పున లాగుతుంది. మొత్తం నాలుగు గంటలు తిరిగితే 28. మిగతావి ఓ పన్నెండు. వెరసి 60. మా బ్యాటరీల సామర్థ్యం 150. కాని లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కనుక చేతిలో ఉన్నది 75 మాత్రమే. ఏ రోజు ఖర్చు ఆ రోజు జమ కట్టవలసిందే. (లిథియం బ్యాటరీల సంగతి వేరు.)

ఇక జమ. మేము వెళ్ళినప్పుడు జనరేటరుకు ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే అనుమతి. చిన్న జనరేటర్ల మీద 12 వోల్టుల సాకెట్ ఒకటి ఉంటుంది. బ్యాటరీకి దాన్నే కలిపితే సరిపోతుందనిపిస్తుంది. అది ఇచ్చేది 8 ఆంపియర్లే! పైగా బ్యాటరీ నిండాక తనంతట ఆగదు. ట్రైలరు తీగను అడాప్టరు ద్వారా 120 వోల్టుల సాకెట్‌కే పెట్టాలి. అప్పుడు లోపలి కన్వర్టర్ ఛార్జి చేస్తుంది. మాది 45 ఆంపియర్లది. పొద్దున బ్యాటరీ ఆకలి మీద ఉంటుంది, గబగబా తీసుకుంటుంది. 80 శాతం దాటాక మాత్రం నత్తనడకే. చెట్ల నీడలో సోలార్ పలక అంతంతమాత్రం కాబట్టి మిగతాది సాయంత్రం పూటకు ఉంచుకున్నాం. ఆ వేళలో మైక్రోవేవ్ వాడవద్దని కోడలికి చెప్పాను. చిన్న జనరేటరు రెండూ మోయలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాన వస్తోందనో, దొంగల భయమనో జనరేటరును ట్రైలరు పందిరి కిందికి లాగకూడదు. 20 అడుగుల దూరంలో, పొగగొట్టం మన కిటికీల వైపూ పొరుగువారి వైపూ లేకుండా పెట్టాలి. కరెంటు పోయినప్పుడు ఇక్కడ మన వరండాలలో నడిపే జనరేటర్లకూ ఇదే వర్తిస్తుంది. ట్రైలరులో ఈ వాయువును పసిగట్టే అలారం ఉంటుంది. "అన్నీ బాగానే ఉన్నాయి నాన్నగారూ" అంటారు పిల్లలు. మీరు దాని బటన్ నొక్కించి, మోత విన్న తర్వాతనే పడుకోండి.