త్యాగం తర్వాత మిగిలే బాధ్యత: ఎండో షూసాకు నవల ‘మౌనం’

పోయినవారి త్యాగాన్ని స్మారక సభల్లో కొనియాడటం మనకు ఆనవాయితీ. ఈ సాయంత్రం నేను త్యాగాన్ని కొనియాడే పుస్తకం గురించి కాక, త్యాగాన్ని నిలదీసిన నవల గురించి మాట్లాడతాను. జపాన్‌కు చెందిన క్యాథలిక్ రచయిత ఎండో షూసాకు 1966లో ‘మౌనం’ ప్రచురించాడు. ఆ ఏడాదే దానికి తనిజాకి బహుమతి వచ్చింది. చిత్రహింస పడుతున్న రైతులను బతికించడానికి క్రీస్తు ప్రతిమను కాలితో తొక్కిన పోర్చుగీసు గురువు రొడ్రిగ్స్ కథ అది. తోటివారి కోసం ప్రాణాన్నే కాదు, విశ్వాసాన్ని కూడా వదులుకోవచ్చని ఈ నవల తీర్పు ఇచ్చినట్టు చాలామంది చదువుతారు. నాకు అలా అనిపించదు. ప్రేమతో చేసినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదనీ, దాన్ని తనదిగా ఒప్పుకుని బతకడమే అసలు త్యాగమనీ నవల చెబుతోందని నా వాదన. దీనికి ఆధారం చరిత్రలో కొంత ఉంది, ఆ చరిత్రను ఎండో మార్చిన తీరులో మరికొంత ఉంది.

ముందు చరిత్ర. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కాగోషిమాలో దిగడంతో జపాన్‌లో క్రైస్తవం మొదలైంది. పశ్చిమాన క్యూషూ ద్వీపంలో ప్రభువులూ రైతులూ పెద్ద సంఖ్యలో జ్ఞానస్నానం పొందారు. ఈ విదేశీ మతం వెనక విదేశీ రాజ్యాలు వస్తాయన్న భయం పాలకుల్లో పెరిగింది. 1587లో జపాన్ పాలకుడు హిదెయోషి గురువులను దేశం విడిచి పొమ్మన్నాడు. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేశారు. 1614లో తొకుగావా ప్రభుత్వం దేశమంతటా నిషేధం విధించింది. అయితే చంపేకొద్దీ వేదసాక్షులు పుడుతున్నారనీ, వారి మరణం మిగిలినవారికి ధైర్యమిస్తోందనీ అధికారులు గ్రహించారు. అప్పటినుంచి వారికి కావలసింది శవం కాదు, బతికుండి మతం వదిలిన మనిషి. పాదాల కింద క్రీస్తు, మరియమ్మల ప్రతిమలు పెట్టి తొక్కించే ‘ఫుమియె’ పరీక్ష, మనిషిని గోతిలోకి తలకిందులుగా వేలాడదీసే శిక్ష, ఈ లెక్కతోనే పనిచేశాయి. 1633లో జెసూట్ సభ పెద్ద క్రిస్టోవావ్ ఫెరైరాను అలా వేలాడదీస్తే ఐదు గంటల్లో లొంగిపోయాడు. ఆయనతోపాటే వేలాడిన జపాన్ గురువు నకౌరా జూలియన్ లొంగక ప్రాణం విడిచాడు. ఫెరైరా సవానో చూవాన్ అన్న జపాన్ పేరు పెట్టుకుని పాలకుల కొలువులో బతికాడు. 1643లో వచ్చి పట్టుబడిన ఇటలీ గురువు జ్యుసెప్పే కియారా కూడా హింసకు లొంగి, 1685లో చనిపోయేదాకా ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో నిర్బంధంలోనే గడిపాడు. నవలలోని రొడ్రిగ్స్‌కు మూలం ఇతనే.

ఇప్పుడు ఎండో చేసిన మార్పు చూడండి. చరిత్రలో ఫెరైరా, కియారా ఇద్దరూ తమ ఒంటి నొప్పికి లొంగారు. నవలలో ఫెరైరా, మూడు రోజులు వేలాడినా తన నొప్పికి లొంగలేదనీ, పక్కన వేలాడుతున్నవారి మూలుగులు విని లొంగాననీ చెబుతాడు. రొడ్రిగ్స్‌ను ఆ గోతిలో వేలాడదీయనే లేదు. అతను విన్నది ఇతరుల మూలుగులు. ఆ రైతులు అప్పటికే మతం వదిలేశామని ఒప్పుకున్నారు. అయినా గురువు తొక్కేదాకా వారిని కిందికి దించరు. ఒంటి నొప్పికి లొంగినవాణ్ణి చూసి జాలిపడతాం, అక్కడితో విచారణ ముగుస్తుంది. ఇతరుల నొప్పిని ఆపడానికి లొంగినవాడిది ఎంపిక. ఎంపిక ఉన్నచోటే బాధ్యత ఉంటుంది. ఎండో చరిత్రను మార్చింది రొడ్రిగ్స్ భారం తేలిక చేయడానికి కాదు. దాన్ని మరొకరి మీదికి నెట్టే వీలు లేకుండా చేయడానికి.

రొడ్రిగ్స్‌తో కలిసి వచ్చిన గార్పె పాత్ర ఈ మాటను మరింత గట్టిపరుస్తుంది. చాపల్లో చుట్టి సముద్రంలో పడేసిన క్రైస్తవుల వెంట ఈదుతూ అతను తానూ మునిగి చనిపోతాడు. అతని ప్రేమలో లోటు లేదు, విశ్వాసానికీ మచ్చ లేదు. కాని వారిలో ఒక్కరూ బతకలేదు. రొడ్రిగ్స్ వల్ల రైతులు బతికారు, అతని పేరు మాత్రం ద్రోహుల జాబితాలో చేరింది. ఒకే రచయిత ఒకే పుస్తకంలో ఈ రెండు త్యాగాలనూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని ఎంచి రెండోదాన్ని కొట్టిపారేయలేదు. అంటే ఆయన ఎవరి త్యాగం గొప్పదని అడగడం లేదు. ఒక్కొక్కరి త్యాగం ఎవరి మీద ఏం మిగిల్చిపోయిందని అడుగుతున్నాడు.

ఈ వాదనకు బలమైన ఆక్షేపణలున్నాయి. మొదటిది, తప్పంతా హింసించిన ప్రభుత్వానిదే అయినప్పుడు గురువు బాధ్యత గురించి మాట్లాడటం అన్యాయం కాదా? నేరం ప్రభుత్వానిదే, అందులో సందేహం లేదు. అయితే నేరం మోపడం వేరు, బాధ్యత వహించడం వేరు. నేరాన్ని ఇతరులు మన మీద మోపుతారు, బాధ్యతను మనమే తలకెత్తుకుంటాం. రెండోది, ఈ నవల వేదసాక్షులను చిన్నబుచ్చుతుందని జపాన్ క్యాథలిక్కులలోనే వచ్చిన ఆక్షేపణ. ఆటుపోట్ల మధ్య కొయ్యకు కట్టేస్తే రోజుల తరబడి యాతనపడి చనిపోయిన మోకిచి, ఇచిజో అనే రైతుల ఘట్టాన్ని ఎండో ఎంత శ్రద్ధగా రాశాడో చూస్తే ఈ ఆక్షేపణ నిలవదు. వారి ధైర్యాన్ని తక్కువ చేయకుండానే, ఆ ధైర్యం లేక రొడ్రిగ్స్‌ను పట్టిచ్చిన కిచిజిరోకూ నవలలో చోటిచ్చాడు. మూడోదే అన్నిటికన్నా గట్టిది. ప్రతిమలోని క్రీస్తే తొక్కమన్నట్టు రొడ్రిగ్స్‌కు వినిపిస్తుంది. ఇది దేవుడి నోటితో తనను తాను సమర్థించుకోవడం కాదా? నవల ఆ క్షణంతో ముగిసి ఉంటే, అవుననే అనేవాణ్ణి.

నవల అక్కడితో ముగియదు. తొక్కగానే కోడి కూస్తుంది. పేతురు యేసును ఎరుగనన్న రాత్రి కూసిన కోడి అది, అంటే రచయిత ఆ పనిని ద్రోహాల వరుసలోనే పెట్టాడు. ఆ తర్వాత రొడ్రిగ్స్ చనిపోయిన ఒక జపాన్ వ్యక్తి పేరుతో, అతని భార్యతో బతకాల్సి వస్తుంది. విదేశీ ఓడల సరుకులో క్రైస్తవ వస్తువులున్నాయేమో వెతికి పట్టివ్వాల్సి వస్తుంది. కాపాడిన చెయ్యే ఇప్పుడు పాలకులకు పనిముట్టు అయింది. గ్రాహం గ్రీన్ 1948 నాటి నవల ‘ది హార్ట్ ఆఫ్ ది మ్యాటర్’లో పోలీసు అధికారి స్కోబీ కూడా ఇతరుల మీద జాలితో తన ఆత్మను పణంగా పెడతాడు, కాని ఆత్మహత్యతో తన కథ తానే ముగించుకుంటాడు. ఎండో తన గురువుకు ఆ దారి ఇవ్వలేదు. తనను పట్టిచ్చిన కిచిజిరో మళ్లీ వచ్చి పాపసంకీర్తనం వినమంటే, గురుత్వం పోగొట్టుకున్నవాడే వింటాడు. తన తప్పు తనకు తెలిసినవాడు మరొకడి తప్పును మోయడానికి ఒప్పుకున్నాడు. ఈ నవలలో ప్రేమకు అర్థం అదే.

తప్పును ఒప్పుకుని బతకడమన్న ఈ మాటకు చరిత్రలోనే సాక్ష్యం ఉంది. నిషేధ కాలంలో నాగసాకి ప్రాంతపు రహస్య క్రైస్తవులు ఏటా ఫుమియెను తొక్కారు, ఇంటికి వచ్చి పశ్చాత్తాప ప్రార్థన చేశారు. బతకడానికి తొక్కక తప్పదని వారికి తెలుసు. తప్పదు కాబట్టి తప్పు కాదని మాత్రం అనుకోలేదు. 1865లో నాగసాకిలోని ఔరా గుడిలో ఫ్రెంచి గురువు ముందు తామెవరో చెప్పుకుని బయటపడింది ఆ వంశాలవారే. నిషేధం 1873లో తొలగింది. వారు నిలిచారు కాబట్టి తొక్కడం సరైనదేనని నేను అనను, ఫలితాన్ని చూపి పనిని సమర్థించడం సులువు. నేననేది ఇంతే. తప్పనిసరి పరిస్థితిలో చేసిన పనికి పశ్చాత్తాపం అక్కర్లేదనుకున్న సమాజం క్రమంగా దేన్నైనా తప్పనిసరి అంటుంది. మనవారి కోసమే చేశామని చెప్పి ఏ పనినైనా కడిగేసుకోవడం ఇవాళ ఇంట్లోనూ, పార్టీలోనూ, ప్రభుత్వంలోనూ పరిపాటి అయింది. ఎవరి కోసం చేశామన్నది చెప్పాక కూడా, ఏం చేశామన్నదానికి జవాబు చెప్పాల్సే ఉంటుందని ‘మౌనం’ పట్టుబడుతుంది. త్యాగమూర్తులను స్మరించే సభ ఆ జవాబుదారీని కూడా స్మరించాలి.