బంగారం కోసం వెతికిన ఇంట్లో ఒక మాంత్రికుడు

ఎప్పట్లాగే సైనిక్‌పురిలో మా డాబా మీద నుంచి మాట్లాడుతున్నా. కింద కుక్కలు మొరుగుతున్నాయి, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

1968లో వచ్చిన ‘ఆశీర్వాద్’ అనే హిందీ సినిమాలో రైల్ గాడీ పాట ఉంటుంది. అశోక్ కుమార్ పాడాడు. రైలు స్పీడ్‌లో మాటలు పరిగెడతాయి, ఇప్పటి ర్యాప్‌లాగే. రాసింది మన హైదరాబాద్‌లో 1898లో పుట్టిన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. సరోజినీ నాయుడికి తమ్ముడు.

వీళ్ల నాన్న అఘోరనాథ్ ఎడిన్‌బరోలో సైన్స్ డాక్టరేట్ చేశారు. హైదరాబాద్‌కి వచ్చి కాలేజీ నడిపారు, అదే తర్వాత నిజాం కాలేజీ అయింది. అంత చదివిన మనిషికి రసవాదం పిచ్చి! మామూలు లోహాన్ని బంగారంగా మార్చాలని ప్రయోగాలు. ఇంటి నిండా జనం. పండితులు, సాధువులు, బిచ్చగాళ్లు, బంగారం చేసే కిటుకు తెలుసని వచ్చేవాళ్లు. అమ్మ వరదసుందరి బెంగాలీలో కవితలు రాసేవారు.

సరోజినిని లెక్కల్లోనో సైన్స్‌లోనో పెద్దదాన్ని చెయ్యాలని నాన్న ఆశ. పదకొండేళ్లప్పుడు ఆల్జీబ్రా లెక్క ఒకటి ఎంతకీ రాలేదు, దాని బదులు పద్యం వచ్చింది. నాకు బీటెక్‌లో లెక్క రాకపోతే బ్యాక్‌లాగ్ వచ్చింది, అది వేరే విషయం.

అలాగని ఆ ఇల్లు స్వర్గమేం కాదు. ఇంగ్లీష్ మాట్లాడనందుకు తొమ్మిదేళ్ల సరోజినిని ఒక రోజు గదిలో పెట్టి తలుపేశారు. ఇంకోటి, ఆ ప్రయోగాలకీ వచ్చిపోయేవాళ్లకీ ఖర్చుంటుంది కదా. కలల వెనక ఒక జీతం ఉంది. నా ఛానెల్ కూడా నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ జీతం మీదే నడుస్తోంది.

బంగారం దొరకలేదు. కానీ హరీంద్రనాథ్ కవి అయ్యాడు, నాటకాలు వేశాడు, మొదటి ఎన్నికల్లో విజయవాడ నుంచి గెలిచి లోక్‌సభకి కూడా వెళ్లాడు. 1969లో, డెబ్బై దాటాక, సత్యజిత్ రే ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’లో రాజుకి మందులు కలిపే మాంత్రికుడిగా కనిపించాడు. ఆ వేషానికి రిహార్సల్ ఆయన చిన్నప్పుడే ఇంట్లో అయిపోయిందనిపిస్తుంది నాకు.

మా ఇల్లు అలాంటిది కాదు. నాన్న ఆర్మీ, అన్నీ టైమ్ ప్రకారం. నేను జాబ్ మానేస్తే మూడు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. కానీ చిన్నప్పుడు సెలవు మీద వచ్చి, కరెంట్ పోతే టార్చ్ వేసి, గోడ మీద చేతి నీడలతో దెయ్యాల కథలు చెప్పింది కూడా ఆయనే. నేనీ పని నేర్చుకున్నది అక్కడే. ఆ మాట ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.

మొన్న ఆ మాంత్రికుడి సీన్ చూపించా. మొత్తం చూసి, “ఇంతకీ ఈయన ఉద్యోగమేంటి?” అన్నాడు.

ఈ ఎపిసోడ్ లింక్ ఇవాళే పంపిస్తున్నా నాన్నకి. మీ ఇంట్లో టార్చ్ పట్టుకున్నది ఎవరో కామెంట్‌లో రాయండి. ఉంటా మరి.