గేటు దగ్గర ఫోటోతో ఆగిపోకుండా



మా సంఘం తరఫున పిల్లలను కాలేజీలు చూపించడానికి తీసుకెళ్తున్న సంగతి మీకు తెలుసు. మొదటిసారి మేము చేసిన పొరపాటు ముందుగా చెప్పుకోవాలి. బస్సు ఖాళీగా దొరుకుతుందని ఆదివారం బయల్దేరాం. ఒక్క రోజులో నాలుగు కాలేజీలు తిప్పాం. ప్రతి గేటు దగ్గరా ఫోటో దిగాం, పులిహోర పొట్లాలు తిన్నాం, చీకటి పడేసరికి బుట్టాయగూడెం చేరాం.

వాళ్ళలో ఒక అమ్మాయి తర్వాత ఒక కాలేజీలో చేరింది. నెల తిరక్కుండా పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసింది. పాఠాలు కష్టమయ్యాయేమో అనుకున్నాం. కాదట. స్కాలర్‌షిప్ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియలేదు. అడిగితే రేపు రమ్మన్నారు, రేపు వెళ్తే ఇంకొకరి దగ్గరకు పంపారు. మధ్యలో జ్వరం. "అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు బాబాయ్" అంది. ఆ కాలేజీ మేము చూపించిందే. గేటు చూపించాం, అంతే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. పనిరోజునే వెళ్తాం. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుంటాం. రోజుకి ఒకటే కాలేజీ.

తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి. సంగతి చూడండి. 2015లో మొదలైంది. మొదట్లో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో తరగతులు నడిపి, తర్వాత యుద్ధకాలం నాటి విమానాశ్రయం భూముల్లో సొంత భవనాలు కట్టుకుంది. ఆ భవనాలు చూడగానే మన పిల్లలు ఇది మనకు కాదులే అని వెనక్కి తగ్గుతారు. అందుకే అక్కడ మేము ముందు డబ్బు మాట చెబుతాం. సీటు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద వస్తుంది. సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకే. ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్, పైగా ట్యూషన్ ఫీజు లేదు. ఒక తండ్రి ఈ చివరి మాట మా చేత మూడుసార్లు చెప్పించుకున్నారు. హాస్టలు, మెస్సు ఖర్చులు మాత్రం వేరే ఉంటాయి, అవీ అడిగి రాసుకోండి. కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. కౌన్సెలింగ్ వారంలో మండలాఫీసు చుట్టూ తిరిగితే పని కాదు, ఇప్పుడే తీసుకోండి.

లోపలికి వెళ్ళాక ప్యాకేజీలు ఎంతెంత అని అడగకండి, అవి గోడల మీద రాసే ఉంటాయి. మన ప్రాంతం సీనియర్లు ఎవరున్నారో కనుక్కుని, వాళ్ళతో కూర్చుని, మొదటి నెల ఎలా గడిచిందో అడగండి. ఫోన్ నంబరు తీసుకోండి. ఆడపిల్లల తల్లులు హాస్టలు చూడాలి. స్నానాల గది తలుపుకి గడియ పడుతుందా, రాత్రిపూట జబ్బు చేస్తే ఎవరు తీసుకెళ్తారు అని వార్డెన్‌ని అడగాలి. అడగడానికి మొహమాటపడేది మనమే.

బైపీసీ పిల్లలను వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి తీసుకెళ్తాం. అది 2007లో వచ్చింది. ఎన్.ఐ.టి.లో తల వంచుకుని నడిచిన కుర్రాడే ఇక్కడ జీడిమామిడి చెట్టు కింద నిలబడి, టీ దోమ చిగురుని ఎలా మాడుస్తుందో సారుకి ఎదురు చెప్పాడు. వాళ్ళ నాన్న తోటలో చూసిందే మరి. ఆ రోజు తిరుగు ప్రయాణంలో వాడి నోరు మూయించలేకపోయాం.

కాలేజీ ఒక్కటీ చూస్తే సరిపోదు, ఊరు కూడా తెలియాలి. ఏలూరులో పిల్లలను ఇద్దరిద్దరుగా పంపుతాం. కొత్త బస్టాండు నుంచి ప్రభుత్వాసుపత్రికి అడుగుతూ వెళ్ళాలి, జంగారెడ్డిగూడెం ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని రావాలి. రైల్వే స్టేషన్లు రెండు, ఏలూరు, పవర్‌పేట. ఎక్కడ దిగాలో తెలియక కంగారుపడేవాళ్ళు ఉంటారు. ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. నర్సుగానో డాక్టరుగానో మనవాళ్ళు అక్కడ కనిపించే రోజు కోసం చూస్తున్నాం.

రెండో రోజు కొల్లేరు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులను చూడటం విహారమే, కాదనం. కానీ అక్కడ ఒక మాట దగ్గర మేము ఆగుతాం. కొల్లేరు అభయారణ్యం హద్దు అయిదో కాంటూరు. అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన గీత. ఆ గీత లోపల తవ్విన చేపల చెరువులను 2006లో ప్రభుత్వం పేల్చివేసింది. కాంటూరు అనే మాట మనకు కొత్త కాదు. పోలవరం ముంపులో 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అంటూ మన ఇళ్ళను లెక్కవేసిన మాటే. వేలేరుపాడు నుంచి కాలనీకి వచ్చిన ఒక పిల్లవాడు చెరువు గట్టు మీద నిలబడి, "ఈ గీత ఎవరు గీస్తారు, దానికి ఏం చదవాలి?" అని అడిగాడు. సివిల్ ఇంజనీరింగ్ అని చెప్పాం. పక్కరోజు ఎన్.ఐ.టి.లో ఆ విభాగం ఎక్కడుందో వాడే వెతుక్కున్నాడు.

ఈసారి డిసెంబరులో వెళ్తున్నాం. పేర్లు ఇప్పుడే ఇవ్వండి, సర్టిఫికెట్ల జిరాక్సులు రెండేసి తెచ్చుకోండి. తిరిగొచ్చేసిన ఆ అమ్మాయి మరుసటి ఏడు మళ్ళీ చేరింది, ఇప్పుడు ఏలూరులో డిగ్రీ చదువుతోంది. బస్సు దిగేసరికి బస్టాండులో మన పిల్లల కోసం నిలబడి ఉంటానంది.