ఏటిమొగ దగ్గర గాలం వేసే ముందు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు నాకు పావుగంట ఇచ్చారు. మా లెక్కల మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి పదహారో నిమిషం ఉండదని హామీ ఇస్తున్నాను.

స్వర్ణోత్సవాలకు ఏమేం చేద్దామని సంఘం సలహాలు అడిగితే, మన తర్వాతి బ్యాచిల తమ్ముళ్ళు కొందరు ఒక ఆలోచన పంపారు. కాకినాడ తీరంలో గాలాల పోటీ పెడదాం, అందరికంటే పెద్ద చేప పట్టినవాళ్ళకు కప్పు ఇద్దాం అని. మా బ్యాచిలో ఐదుగురం కలిసి ఒక చిన్న ఫైబర్ పడవ కొనుక్కుని, పన్నెండేళ్ళుగా వీలు చిక్కిన ఆదివారమల్లా గాలం వేస్తున్నామని వాళ్ళకు తెలుసు. అందుకని పోటీ నిర్వహణ నన్ను చూడమన్నారు. పోటీ తప్పకుండా పెడదాం. పెద్ద చేపకు కప్పు మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే ఈ పావుగంట.

ముందు మన నీళ్ళ సంగతి. ఏటిమొగ అనే పేటలో మనవాళ్ళు చాలామంది పుట్టారు. ఏరు సముద్రంలో కలిసే చోటు కాబట్టే ఆ పేరు. అక్కడినుంచి దక్షిణంగా చూస్తే కోరంగి మడ అడవులు, వాటిలోంచి వచ్చే పాయలు. తూర్పున హోప్ ఐలాండ్. దాన్ని మనం ఐలాండ్ అంటాం గానీ, నిజానికి అది గోదావరి తెచ్చిన ఇసుకతో ఉత్తరానికి పొడుగ్గా సాగిన దిబ్బ. సుమారు 16 కిలోమీటర్లు ఉంటుంది. సముద్రపు అలల్ని అది అడ్డుకోవడం వల్లే లోపలి నీళ్ళు నిదానంగా ఉంటాయి. మేం పోర్టు పనుల్లో కోట్లు పోసి, రాళ్ళు పేర్చి కట్టే బ్రేక్‌వాటర్‌ను గోదావరి ఉచితంగా కట్టిపెట్టింది. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చేదాకా ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, బార్జీలు సరుకు మోసేవి. ఆ పని సాగింది కూడా ఈ నిదానపు నీళ్ళ మీదే.

అయితే ఆ నిదానాన్ని చూసి మోసపోకూడదు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, బాగుచేసే పెద్ద రేవు. 1839 నవంబరు తుపానులో వచ్చిన ఉప్పెన తర్వాత మళ్ళీ కోలుకోలేదు. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే, అది ఒకటో నంబరైనా సరే, మా పడవ ఆ రోజు కదలదు.

మాకు పడవ నేర్పింది జగన్నాథపురం దగ్గరుండే ఒక పాత సరంగు. మేం బాబాయి అంటాం. మొదటి రోజు ఆయన మా గాలాలు, రీళ్ళు, కొత్త టోపీలు అన్నీ చూసి, "ఇవన్నీ తర్వాత బాబూ, ఇవాళ తిథి ఏంటి?" అని అడిగాడు. ఐదుగురిలో ఒక్కడికీ తెలియలేదు. తిథి తెలియనివాడికి నీళ్ళు తెలియవని ఆయన లెక్క. అది మూఢనమ్మకం కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే వరసలోకి వస్తారు కాబట్టి పోటు పెద్దది, పాటూ పెద్దదే. అసలు బలం విదియ, తదియల్లో కనిపిస్తుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు నీళ్ళకు ఊపు ఉండదు. చొల్లంగి అమావాస్యనాడు స్నానానికి వెళ్ళే మన అమ్మమ్మలకు ఆ రోజు నీళ్ళు ఎంత పైకి వస్తాయో ఏ పుస్తకం చూడకుండానే తెలుసు.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఉదయం ఆరింటికి వచ్చిన పోటు రేపు ఆరూ యాభైకి వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఏటా వేసే పోటుపాట్ల పట్టికల్లో టైములు దొరుకుతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలలు, గాలి గురించి ముందే చెబుతుంది. ఇవి ఫోనులో చూసుకున్నా, ఒక చిన్న లెక్క మాత్రం నోటికి రావాలి. మాస్టారూ, ఇది మీ సిలబస్‌లో లేదు గానీ మీకు నచ్చుతుంది.

నీళ్ళు తియ్యడానికి ఆరు గంటలు పడుతుందనుకుందాం. మొత్తం తీత 120 సెంటీమీటర్లు. గంటకు ఇరవై చొప్పున సమంగా తీస్తుందనుకుంటాం. అలా తియ్యదు. మొదటి గంటలో 10, రెండో గంటలో 20, మూడు, నాలుగు గంటల్లో ముప్ఫై చొప్పున, అయిదో గంటలో 20, ఆరో గంటలో 10. అంటే నడుమనున్న రెండు గంటల్లోనే సగం నీళ్ళు వెళ్ళిపోతాయి. పాయలో వడి ఎక్కువగా ఉండేది అప్పుడే. పడవ బురదలో కూరుకుపోయేదీ అప్పుడే. తీతలో బురద మీద ఆగిన పడవని తొయ్యడానికి కిందికి దిగితే తొడదాకా దిగబడతాం. దిగకుండా కూర్చుని, పోటు వచ్చేదాకా ఆగడమే దారి. అందుకే మా పడవలో గాలాలకంటే ముందు ఎక్కేది నీళ్ళ డబ్బా.

చేపలకూ ఈ లెక్క తెలుసు. పోటులో మడవేళ్ళ మధ్యకు వెళ్ళి మేసిన చిన్న చేపలు, రొయ్యలు పాటులో పాయ వెంట దిగివస్తాయి. పండుగప్ప పాయ మూతి దగ్గర, ఏ మునిగిన మొద్దు చాటునో, వడికి ఎదురుగా నిలబడి వాటికోసం కాచుకుని ఉంటుంది. కొయ్యింగలు గుంపుగా ఎగిరిపడుతున్నాయంటే వాటి కింద ఏదో తరుముతోందన్నమాట. గాలం వేసేవాడి పని ఆ చోటూ ఆ వేళా పట్టుకోవడమే. మిగతాది చేప దయ.

ఇప్పుడు కప్పు సంగతికి వస్తాను. పండుగప్ప పుట్టుక విచిత్రం. మొగ దగ్గర ఉప్పు నీళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పాయల్లోకి, మడల్లోకి, అక్కడినుంచి మంచినీళ్ళదాకా వెళ్ళి పెరుగుతాయి. మూడు నాలుగేళ్ళకు ఎదిగినవి చాలావరకు మగవే. ఇంకొన్నేళ్ళు బతికి, మీటరుకు దగ్గరపడే పొడుగు వచ్చేసరికి ఆ మగవే ఆడవిగా మారతాయి. అంటే మన నీళ్ళలో బాగా పెద్ద పండుగప్ప దొరికిందంటే అది దాదాపు తప్పకుండా తల్లి చేపే. అలాంటి తల్లి ఒక్కటి ఒక కాలంలో లక్షల్లో, బాగా పెద్దదైతే కోటికి పైగా గుడ్లు పెడుతుంది. పెద్ద చేపకు కప్పు అంటే, ఆరేడేళ్ళు వలలన్నీ తప్పించుకుని తల్లి అయిన చేపను వెతికి చంపినవాడికి కప్పు ఇవ్వడం. మండపీతల్లోనూ గుడ్లున్న ఆడపీతను మా పడవలో ఉంచుకోం.

దీన్ని జీవకారుణ్యం అనుకోకండి. నేను చేపల పులుసు తినేవాణ్ణే, మా ఇంట్లో పులసకు ప్రత్యేకంగా బడ్జెట్ ఉంది. నేను చెప్పేది ఆ చేప ఎవరిది అన్న సంగతి.

మూడేళ్ళ కిందట మొగ దగ్గర ఒక పడవ బోల్తా పడింది. ఆదివారం సరదాకు వచ్చిన నలుగురు. పాటు మంచి ఊపులో ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి దానికి ఎదురు తిరిగింది. కిందికి పోయే నీళ్ళకు పైకి వచ్చే గాలి ఎదురైతే అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి. వాళ్ళు లంగరు పడవ వెనకవైపు కట్టారు. మోటారు బరువుతో అప్పటికే దిగి ఉన్న వెనకభాగాన్ని తాడు ఇంకా కిందికి లాగింది. రెండు అలలు లోపలికి వచ్చాయి, మూడోదానికి పడవ తిరగబడింది. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, సీటు కింద మడతపెట్టి.

మేం అర కిలోమీటరు దూరంలో ఉన్నాం. మాకంటే ముందు ఏటిమొగ పడవ ఒకటి వెళ్ళింది. అందులో తండ్రీ కొడుకూ వల వేసి ఉన్నారు. వల లాగుతూ కూర్చుంటే ఆలస్యమవుతుందని తండ్రి తాడు కోసేసి, వలను నీళ్ళకు వదిలేసి వెళ్ళాడు. ముగ్గుర్ని వాళ్ళే పైకి లాగారు, నాలుగో అతను మా పడవ ఎక్కాడు. నలుగురూ బతికారు. వల మాత్రం పాటుతో సముద్రంలోకి పోయింది. తర్వాత ఆ నలుగురూ వల ఖరీదు ఇచ్చారు. కొత్త వల అల్లించుకుని మళ్ళీ వేటకు వెళ్ళేదాకా పోయిన రోజులకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు.

ఆ పడవలో ఉన్న కొడుకు మన బడిలోనే పదో తరగతి చదివాడు. ఏటిమొగ నుంచి, ఉప్పుటేరు పక్క పేటలనుంచి వచ్చే పిల్లలు ఇవాళ కూడా మన తరగతుల్లో ఉన్నారు. వాళ్ళ ఫీజు, పుస్తకాలు, సైకిలు ఆ నీళ్ళలోంచే రావాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం సముద్రంలో వేట ఆపిస్తుంది. మర పడవలన్నీ రేవులో కట్టేసి వాళ్ళు ఖాళీగా కూర్చుంటారు. ఆ రెండు నెలలూ మా పడవ కూడా కట్టేసే ఉంటుంది. ఏటిలో వేస్తున్నాం కదా, మాకు వర్తించదు కదా అని వాదించవచ్చు. వాళ్ళ కళ్ళెదుట మోటారు తిప్పుకుంటూ వెళ్ళి ఆ వాదన చెయ్యడానికి మాకు మొహం చెల్లదు. తిండికోసం వచ్చినవాడి తర్వాతే సరదాకోసం వచ్చినవాడు. నీటి మీద మేం పాటించే పద్ధతి ఇదొక్కటే, మిగతావన్నీ దాంట్లోంచి వచ్చినవే.

అవేమిటో చెబుతాను. వల బెండ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్తాం, పైనుంచి వెళ్ళం. ఓడల దారిలో లంగరు వెయ్యం. నిండు సరుకుతో వచ్చే ఓడ మనల్ని చూసినా కిలోమీటరులోపు ఆగలేదు. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్లు, నీటి కుక్కలూ బావురుపిల్లులూ ఉండే చోటు. దాని హద్దులో గాలం విప్పం. తెగిన నైలాన్ దారం నీళ్ళలో వదలం, చుట్టి జేబులో పెట్టుకుంటాం. ఇంటికి కావలసిన ఒకటి రెండు మధ్యరకం చేపలు ఉంచుకుని, చిన్నవాటినీ బాగా పెద్దవాటినీ వదిలేస్తాం. వదిలేవాటికి గాలం ముల్లు ముందే కటింగ్ ప్లేయరుతో నొక్కేస్తే సులువుగా ఊడివస్తుంది. చేతులు తడుపుకుని పట్టుకోవాలి, పొడి చేతులకు దాని ఒంటి జిగురు ఊడిపోతుంది. మొప్పల్లో వేళ్ళు పెట్టి నిలువుగా వేలాడదీసి ఫొటో దిగకూడదు. గాలం లోపలికి మింగేస్తే లాగకుండా దారం కోసెయ్యాలి.

తమ్ముళ్ళూ, ఇక మన పోటీ. నా ప్రతిపాదన ఇది. జనవరిలో, అష్టమి దాటాక వచ్చే ఆదివారం పెట్టుకుందాం. వరద ఉండదు, నీళ్ళ ఊపు తక్కువ. పోర్టు వాళ్ళ, మత్స్యశాఖ వాళ్ళ, మెరైన్ పోలీసుల అనుమతి తీసుకునే పని నాది. ప్రతి పడవకూ ఏటిమొగ నుంచి ఒక సరంగుని పెట్టుకుని, ఆ రోజు వేటలో అతనికి వచ్చేదానికి తక్కువ కాకుండా కూలి ఇద్దాం. జాకెట్టు వేసుకోనివాళ్ళు పడవ ఎక్కరు. వేసుకోవడం అంటే బకిల్స్ పెట్టుకోవడం. పన్నెండింటికి, సముద్రపు గాలి గట్టిపడకముందే, అందరూ ఒడ్డున ఉండాలి. పట్టిన చేపను పడవలోనే కొలిచి, ఫొటో తీసి, వదిలెయ్యాలి.

మరి కప్పు ఎవరికి? బయల్దేరే ముందు ప్రతి జట్టూ ఒక కాగితం మీద ఒక టైము రాసి ఇవ్వాలి. మొగ దగ్గర పాటు ఆగి, నీళ్ళు నిలబడి, పోటు తిరిగే టైము. ఫోన్లు అప్పటికే మా దగ్గర పెట్టెలో ఉంటాయి, జట్టుకొకటి మాత్రం సీలు వేసిన సంచిలో పడవలో ఉంటుంది, అవసరానికి. నీళ్ళు తిరిగిన వేళను మా బాబాయి గుంజ పాతి చూసి చెబుతాడు. దానికి దగ్గరగా రాసినవాళ్ళకు కప్పు. మన బడి పిల్లల జట్టు కూడా ఒకటి ఉండాలని నా కోరిక. ఏటిమొగ పిల్లలు అందులో ఉంటే మిగతా జట్లన్నీ రెండో బహుమతికి పోటీ పడాల్సిందే.

ప్రవేశ రుసుంలో మిగిలిన డబ్బు గురించి కూడా కార్యవర్గం ఇవాళే ఒక మాట అనుకోవాలని మనవి. దాన్ని సంఘం పేరున విడిగా ఉంచి, ఎవరినైనా కాపాడబోయి వల పోగొట్టుకున్నవాళ్ళకు, కొత్త వల వచ్చేదాకా పోయిన రోజుల కూలి ఇద్దాం. మొదటి విడతగా మా ఐదుగురి తరఫున పాతిక వేలు కోశాధికారికి అందజేస్తున్నాం. నలుగురి ప్రాణాలకోసం వల వదులుకున్న ఆ తండ్రికి రావలసిన కూలి దాంట్లోంచే మొదట వెళ్ళాలి.

మాస్టారు గడియారం చూస్తున్నారు.