క్షౌరశాలకు రిజర్వేషను
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణము తరువాత నన్ను నాలుగు మాటలు చెప్పుమన్నారు. నేను పండితుడను కాను, రైల్వే గుమాస్తాను. కనుక ఆదాయ వ్యయాల జోలికి పోక నాకు తెలిసిన రిజర్వేషను సంగతే చెప్పుతాను. అయితే ఇది రైలు రిజర్వేషను కాదు. జుట్టు కత్తిరించుకొనుటకు చేసుకొను రిజర్వేషను. నవ్వకండి. మా అక్క ఇంటికి అది కూటి సంగతి.

మా మేనల్లుడు ఇక్కడే హుబ్బళ్ళిలో మూడు కుర్చీల సెలూను నడుపుతున్నాడని మీలో చాలమందికి తెలుసు. ఆడవారి పని అతని భార్య చూచును. బ్యాంకు అప్పుతో దుకాణము బాగు చేయించి, పనిలో పనిగా ఒక వెబ్‌సైటు పెట్టించాడు. చూచుటకు కన్నుల పండువే. నల్లని తెర, బంగారు అక్షరాలు, వరుసగా సినిమా తారల వంటి ముఖాలు. మన స్టేషనులో 1507 మీటర్ల ప్లాట్‌ఫారము ఉన్నది గదా, ఆ పుట కూడా అంత పొడవే! టైము తీసుకొను మీట ఆ కొసన ఎక్కడో ఉన్నది. అక్కడికి చేరినవానిని ఈమెయిలు, పాస్‌వర్డు, పుట్టిన తేది అడుగును. క్రాపునకు పుట్టిన తేది ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఫోను నంబరు బొమ్మలో కలిసిపోయినందున దానిని ఎంత నొక్కినా ఫోను పోదు.

ఇవన్నీ చిన్న లోపాలు. పెద్దది పోయిన మాఘమాసములో ఒక పెళ్ళినాడు బయటపడినది. వెబ్‌సైటులో అడిగినవారి వివరాలు ఈమెయిలుకు పోయేవి. ఫోనులో అడిగినవారివి గల్లాపెట్టె దగ్గర నోటుబుక్కులో ఉండేవి. ఒకే ఉదయము ఏడు గంటలకు పెళ్ళికూతురి జడకు ఇటు ఒకరు, అటు ఒకరు. రెండవవారు వాకిట నిలబడి అన్న మాటలు ఈ సభలో చెప్పరానివి. పదేండ్ల వాడుక ఇల్లు, మరల రాలేదు. ఆ రాత్రి మావాడు, "మామయ్యా, దుకాణము అమ్మి అప్పు తీర్చి ఎక్కడైనా జీతానికి కుదురుతాను" అన్నాడు. అక్క పక్కనే ఉన్నది. ఏమీ అనలేదు.

ఒక బెర్తుకు రెండు పుస్తకాలుంటే కొట్లాట తప్పదు. కంప్యూటరు రిజర్వేషను 1980లలో మొదలయినది. 2002లో ఇంటర్నెట్టులో టిక్కెట్లు వచ్చినవి. కిటికీ దగ్గర కొన్నా, ఇంట్లో కూర్చుండి కొన్నా, బెర్తు తగ్గేది ఒకే ఖాతాలో. "ఫోనులో అడిగినవారిని కూడా ఆ వెబ్‌సైటు పట్టికలోనే ఎక్కించు, నోటుబుక్కును అటకెక్కించు" అన్నాను. సగము మరమ్మతు అక్కడే అయినది.

మిగిలిన సగము కాలము లెక్క. పాత సైటులో ప్రతి పనికీ అరగంటే. గడ్డానికి పావుగంట చాలును, రంగుకు గంటన్నర కావలెను. అందులోనూ రంగు పూసిన తరువాత అది పట్టువరకు అరగంట, ముప్పావుగంట ఊరక కూర్చోవలెను. అప్పుడు పనివాని చేతులు ఖాళీ, కుర్చీ ఖాళీ కాదు. కనుక మనిషిని వేరుగా, కుర్చీని వేరుగా లెక్క కట్టించాము. మొదటిసారి రంగు వేసుకొనువారికి 48 గంటల ముందు చర్మముపై కొంచెము రాసి చూడవలెను గదా, వారికి ఆనాటి టైము దొరకకుండా చేశాము.

తరువాత అక్క చేతికి ఫోను ఇచ్చి, "నీవే టైము తీసుకో" అని మేము నోరు మూసుకొని కూర్చున్నాము. ఎదుటివాడు తడబడుతుంటే చెప్పకుండా చూచుట ఎంత కష్టమో! ఎవరు కత్తిరించవలెనో పేరు ఎంచుమన్న చోట ఆగిపోయినది. "ఎవరైనా సరే" అన్న మాట అక్కడ చేర్చాము. అక్కకు తెలుగు అక్షరమే వచ్చును. మనుమలకు తెలుగు మాట వచ్చును గాని అక్షరము రాదు. అందుచేత కన్నడము, తెలుగు, ఇంగ్లీషు మూడూ పెట్టించాము. బరువు బొమ్మలు తీసివేసి, ధరలు, టైములు మొదటనే పెట్టాము. ఇప్పుడు అడిగేది పేరు, ఫోను నంబరు మాత్రమే.

నా తప్పు కూడా ఒకటి చెప్పవలెను. టైము తీసుకొని రానివారి బెడదకు నూరు రూపాయల అడ్వాన్సు పెట్టుమన్నాను. రానివారితో పాటు వచ్చేవారు కూడా మానినారు. రెండు వారాలలో తీసివేసి, ముందునాటి సాయంత్రము ఒక సందేశము, రాలేకుంటే రద్దు చేసుకొనుటకు అందులోనే ఒక మీట పెట్టాము. రద్దయిన టైము వెయిటింగు లిస్టులో ముందున్నవారికి పోవును.

దుకాణము అమ్మలేదు. కాని ఒక తగవు తెగలేదు. మూడవ కుర్చీని జనరల్ బోగీ వలె వదలుమని నేనంటాను. ఆదివారము దానిని కూడా సైటులో పెట్టితే రాబడి పెరుగునని వాడంటాడు. మొన్న ఆదివారము ఒక పెద్దాయన వచ్చి, "నేను మీ తాత చేత గడ్డము గీయించుకొన్నవాడను, నాకు టైమా?" అని గుమ్మములో నిలబడినాడు. మూడు కుర్చీలూ నిండి ఉన్నవి. మావాడు నా వైపు చూచినాడు. నేను లేచి ఆయనకు నా స్టూలు వేశాను.

సెలవు.